అడవి నాభిని ఇంట్లో పెంచవచ్చా?

ప్రశ్న: మాది మార్కాపురం. పోయిన శ్రావణంలో ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్తూ దోర్నాల దాటాక ఒకచోట కారు ఆపుకున్నాం. రోడ్డు పక్కన పరికి కంప మీదికి పాకిన తీగకు పువ్వులు చూశాను. సగం ఎరుపు, సగం పసుపు. రేకులన్నీ పొయ్యిలో మంట లేచినట్టు పైకి తిరిగి ఉన్నాయి. ఫోటో తీస్తుంటే మా మామగారు "అది నాభి, ముట్టుకోకు" అని ఒక్క కేక వేశారు. కార్తీకంలో మళ్ళీ వెళ్ళినప్పుడు పూలు లేవు. పగిలిన కాయల్లో ఎర్రటి గింజలు కనిపిస్తే ఓ ఇరవై తెచ్చి సంక్రాంతి తర్వాత కవర్లలో వేశాను. మూడు నెలలైనా ఒక్కటీ మొలవలేదు. నర్సరీలో ఫోటో చూపిస్తే "గ్లోరీ లిల్లీ మేడం, దుంప తెప్పిస్తాం" అన్నారు. మామగారేమో ఇంట్లోకి రానివ్వనంటున్నారు. మాకు నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. ఇంతకీ ఇది ఏ మొక్క? పెంచుకోవచ్చా? ఈ వానల్లో వెళ్ళి దుంప తవ్వి తెచ్చుకుంటే బతుకుతుందా? ఇంకొకటి. ఆ గడ్డ అరగదీసి బొడ్డు చుట్టూ రాస్తే కాన్పు సుళువవుతుందని పక్కింటి పెద్దావిడ అంటున్నారు. మా చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఆఖరున రాసిన మాటకు ముందు జవాబు చెబుతాను. పువ్వు సంగతి ఆ తర్వాత. మీ చెల్లెలికి ఆ గడ్డ రాయవద్దు. బొడ్డు చుట్టూ వద్దు, అరికాళ్ళకూ వద్దు, నొప్పులు మొదలయ్యాక కూడా వద్దు. పెద్దావిడ కల్పించి చెప్పిందని నేననను. కాన్పు కోసం ఈ గడ్డను పైపూతగా వాడడం పాత వైద్యంలో ఉన్నదే. కాకపోతే అదే వైద్యం ఈ మొక్కకు పెట్టిన పేర్లలో గర్భపాతిని అనేది ఒకటి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు కదా. పైగా అరగదీసిన ముద్ద ఇంట్లో ఉన్నాక, అది చేతికంటి నోట్లోకో గిన్నెలోకో చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఆవిడతో వాదన పెట్టుకోకండి. చెల్లెలు చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆవిడనూ వెంట తీసుకెళ్ళి, డాక్టరమ్మ నోటితోనే చెప్పించండి. ఇరుగుపొరుగు మాట చెడకుండా పని జరుగుతుంది.

ఇక మీ ఫోటో. అది అడవి నాభే. మామగారికి నూటికి నూరు మార్కులు. నర్సరీ వాళ్ళు చెప్పిందీ తప్పు కాదు. గ్లోరీ లిల్లీ, ఫ్లేమ్ లిల్లీ, అగ్నిశిఖ, లాంగలి, పొత్తిదుంప, అన్నీ ఈ ఒక్క మొక్క పేర్లే. శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపెర్బా. 1753లో లిన్నేయస్ పెట్టాడు. ఆ లాటిన్ పేరు నిండా వైభవం, అతిశయం, అంతా పొగడ్తే. మన పేరు అలా కాదు. నాభి అంటే పచారీ కొట్లో మూలికల డబ్బాల మధ్య దొరికే హిమాలయాల విషపు వేరు, వత్సనాభి. ఆ వేరుకూ ఈ తీగకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా మన అడవుల్లో దొరికే దీనికి అడవి నాభి అని పేరు పెట్టి వదిలారంటే, చూసినవాడికి పేరులోనే హెచ్చరిక అందాలని. నర్సరీ అట్టముక్క మీద గ్లోరీ లిల్లీ అని రాసేసరికి ఆ హెచ్చరిక కాస్తా రాలిపోయింది. నాకు ఈ పువ్వంటే ఎంత ఇష్టమున్నా, ఇంట్లో మాత్రం మేం నాభి అనే అంటాం. మీరూ అలాగే అనండి. బాబుకు కూడా ఆ పేరే నేర్పండి.

ఫోటోలో నేను మొదట చూసింది పువ్వును కాదు, ఆకు కొసను. పువ్వు లేని రోజుల్లో కూడా ఈ తీగను పట్టిచ్చేది అదే. ఆకు బల్లెం మొనలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఈనెలు గడ్డిపరకలో లాగా నిలువునా సాగుతాయి, వలలా అల్లుకోవు. కొసకు వచ్చేసరికి ఆకే సన్నబడి, గడియారం స్ప్రింగులా చుట్టుకుని నులితీగ అయిపోతుంది. కాకర, బుడ్డకాకర లాంటివాటికి నులితీగ కాండం మీంచి విడిగా పుడుతుంది. దీనికి ఆకు కొసే చెయ్యి. పెండలం జాతి అడవి తీగలకు నులితీగలే ఉండవు, కాండమే చుట్టుకుంటూ ఎక్కుతుంది, ఆకు తమలపాకులా వెడల్పు. పిల్లిపీచర సూదుల్లాంటి ఆకులతో, ముళ్ళతో ఉంటుంది కాబట్టి దానితో పొరపాటు పడే ప్రశ్నే లేదు. మన పొదల్లో పాకే తీగ దేనికైనా ఆకు కొస ఇలా మెలితిరిగి పుల్లను పట్టుకుని కనిపిస్తే నాభి అనే అనుకోండి. వినాయక చవితికి పత్రి కోసం పొదల్లో దూరే పిల్లలకు ఈ ఒక్క గుర్తు చూపించి పంపితే మంచిది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇది పూతమీద ఉంటుంది.

పువ్వు నిర్మాణం కాస్త వింత. తొడిమె వంగి పువ్వు నేలవైపు చూస్తుంది. ఆరు రేకులూ మాత్రం వెనక్కి విరుచుకుని ఆకాశంవైపు లేస్తాయి. రేకుల అంచులు నొక్కులు నొక్కులుగా ఉంటాయి. విచ్చిన రోజు ఆకుపచ్చ కలిసిన పసుపు. తర్వాత కొసల నుంచి ఎరుపు దిగుతూ వచ్చి, వాడే ముందు పువ్వంతా కుంకుమ రంగుకు మారుతుంది. అందుకే ఒకే తీగకు రెండు మూడు రంగుల పూలు కనిపిస్తాయి. కింద ఆరు కేసరాలు గొడుగు ఊచల్లా చుట్టూ పరుచుకుంటాయి. కాయ అయ్యే భాగం నుంచి వచ్చే కీలం మాత్రం లంబకోణంలో పక్కకు తిరిగిపోతుంది, తన పువ్వు పుప్పొడి తనకు అంటకుండా. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

విషం గురించి వివరంగానే చెప్పాలి, ఎందుకంటే పెంచాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడింది. మొక్కంతా విషమే. దుంపలోనూ గింజలోనూ ఎక్కువ. ఆ పదార్థం పేరు కాల్చిసిన్. గౌట్ అనే కీళ్ళ జబ్బుకు ఇచ్చే మాత్రలో ఉండేది ఇదే, సాధారణంగా ఒక్కో మాత్రలో అర మిల్లీగ్రాము. అర మిల్లీగ్రాము మందయినప్పుడు, ఎంత ఉందో తెలియని దుంప ముక్క ఏమవుతుందో ఊహించుకోండి. కాల్చిసిన్ చేసే పని కణ విభజనను ఆపడం. కాబట్టి ఒంట్లో ఎక్కడ కణాలు వేగంగా పుడుతుంటాయో అక్కడ ముందు దెబ్బ తగులుతుంది: పేగుల లోపలి పొర, ఎముకల్లోని మూలుగ, జుట్టు కుదుళ్ళు. తిన్న కొన్ని గంటలకు నోరు, గొంతు మంట, వాంతులు, ఆగని విరేచనాలు. ఒకటి రెండు రోజులకు అసలు ప్రమాదం మొదలవుతుంది, మూత్రపిండాలు, గుండె, రక్తం దెబ్బతింటాయి. బయటపడ్డవాళ్ళకు కూడా రెండో వారానికి జుట్టంతా ఊడిపోవడం మామూలు. శ్రీలంకలో దీన్ని తినే దుంప అనుకుని ఉడికించుకు తిని చనిపోయినవాళ్ళున్నారు. ఉడికించినా ఈ విషం పోదు. చిలగడదుంప ముక్క పక్కన పెడితే నాకే ఒక్క క్షణం అనుమానం వస్తుంది.

ఇదే కాల్చిసిన్‌ను మొక్కల శాస్త్రవేత్తలు క్రోమోజోములను రెట్టింపు చేయడానికి వాడతారు. గింజల్లేని పుచ్చకాయ పుట్టింది అలా రెట్టింపు చేసిన మొక్కను మామూలు మొక్కతో సంకరం చేయడం వల్లే. వేసవిలో ఆ కాయ కోసినప్పుడల్లా నాకు నాభి గుర్తొస్తుంది. కాయలో మాత్రం విషం ఉండదు, నిశ్చింతగా తినండి.

ఎప్పుడైనా ఎవరైనా, పెద్దవాళ్ళయినా పిల్లలయినా, దీన్ని కొరికారని అనుమానం వస్తే వాంతుల కోసం ఎదురుచూడకండి. ఉప్పునీళ్ళు తాగించడం, గుడ్డు సొన పోయడం లాంటివి పెట్టుకోకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మిగిలిన ముక్కను సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. మొదటి వాంతులు తగ్గాయి కదా అని ఇంటికి వచ్చేయడం చాలా పెద్ద పొరపాటు. ఆయుర్వేదం లాంగలిని ఉపవిషాల్లో చేర్చింది. 1945 నాటి ఔషధ నియమాల్లో వైద్యుల పర్యవేక్షణలోనే వాడాల్సిన విషద్రవ్యాల పట్టికలోనూ ఇది ఉంది. శుద్ధి చేస్తే మందు అన్న మాట వినిపిస్తే, ఆ శుద్ధి మన వంటింట్లో జరిగేది కాదని గుర్తుంచుకోండి.

ఇంత చెప్పాక మీ ఇంటి సంగతి. నేను మీ స్థానంలో ఉంటే బాబుకు ఏడేళ్ళు వచ్చేదాకా ఆగుతాను. దుంప మట్టిలో ఉంటుంది కాబట్టి భయం లేదనుకుంటాం. కానీ నాలుగేళ్ళ పిల్లాడికి కుండీలో మట్టి తవ్వడం కంటే పెద్ద పని ఏముంటుంది? కాయ పగిలితే బయటపడే గింజలు దానిమ్మ గింజల్లా ఎర్రగా, మెత్తగా, నోట్లో వేసుకోమన్నట్టే ఉంటాయి. ఇంట్లో నమిలే అలవాటున్న కుక్కపిల్ల ఉన్నా, మేకలు తిరిగే దొడ్డయినా ఇదే మాట. ఈ రెండు మూడేళ్ళు చెంగల్వ కోష్టు పెంచుకోండి. అదీ అడవి మొక్కే, భూమిలో దుంపతో ఏటా లేచేదే. మెట్ల వరుసలా కాండం చుట్టూ తిరిగే ఆకులు, ఎర్రటి మొగ్గ మీద ముడతల కాగితంలాంటి తెల్లటి పువ్వు. నీడలోనూ పూస్తుంది. మామగారు కూడా కాదనరు.

ఆగలేనంటారా? మేడ మీద తాళం పడే తలుపు ఉంటే ఒక్క కుండీ పెట్టుకోండి. అంతకు మించి వద్దు. మీరు ఎలాగూ మొదలుపెట్టేశారు కాబట్టి, పద్ధతిగా ఎలా చేయాలో చెప్పడమే నయం.

మొదట అడవి సంగతి. దుంప తవ్వి తెచ్చుకోవద్దు. దోర్నాల నుంచి శ్రీశైలం దారి సాగేది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో. అక్కడ అనుమతి లేకుండా మొక్క పీకినా, గింజ తెచ్చినా నేరమే. మీరు కార్తీకంలో తెచ్చినవాటినీ కలిపే చెబుతున్నాను, ఇక ముందు తేకండి. చట్టం పక్కన పెట్టినా, తవ్వినది బతకదు. పూత సమయానికి పాత దుంపలోని సత్తువంతా తీగకు పోయి అది ముడుచుకుపోతుంటుంది. వచ్చే ఏటి కొత్త దుంప పక్కనే ఇంకా ఊరుతూ ఉంటుంది. శ్రావణంలో గునపం వేస్తే రెండూ పోతాయి. పైగా రాళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్య దిగిన దుంప విరక్కుండా బయటికి రాదు. కంప మీద పూసిన పువ్వును చూసి తవ్వుకొచ్చినవాడికి దక్కేది కుళ్ళిన గడ్డ, అడవికి మిగిలేది ఒక గుంట. మందుల కోసం దుంపలు తవ్వేసి చాలాచోట్ల ఈ తీగను కనపడకుండా చేశారు. మీకు కనిపించిన పొదను ఏటా అక్కడే చూసుకోండి.

పొలంలో పండించిన దుంపలు దొరుకుతుండగా అడవి మీద పడాల్సిన పని కూడా లేదు. తమిళనాడులో ఇది రాష్ట్ర పుష్పం, పేరు సెంగాందళ్. తిరుప్పూర్ జిల్లా మూలనూరు, ధారాపురం, అటు కరూర్, దిండిగల్ వైపు రైతులు దీన్ని పంటగా వేస్తారు. పువ్వు కోసం కాదు, గింజ కోసం. ఆ గింజల నుంచి మందుల కంపెనీలు కాల్చిసిన్ తీస్తాయి. ఇందాక చెప్పిన పక్కకు తిరిగిన కీలం అక్కడ రైతులకు పెద్ద పని పెడుతుంది. పొద్దున్నే కూలీలు వరుసల మధ్య తిరుగుతూ ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో అంటిస్తారు. అలా చేయకపోతే కాయలు సరిగ్గా పట్టవు. వాళ్ళకు కష్టమైనది మీకు లాభం. మీరు పుప్పొడి అంటించకండి. అయినా తేనెటీగో తేనెపిట్టో పుణ్యమా అని ఎక్కడైనా కాయ కనిపిస్తే పచ్చిగా ఉండగానే గ్లవ్స్ వేసుకుని గిల్లేయండి. గింజ భయం సగం తీరిపోతుంది.

జింబాబ్వే జాతీయ పుష్పం కూడా ఇదే. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో మాత్రం ఇది ఇసుక దిబ్బలను ఆక్రమించిన కలుపు. బ్రిస్బేన్‌లోనో సిడ్నీలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు సొంతూరి పువ్వని ముచ్చటపడి నాటవద్దు.

ఇప్పుడు మీ కవర్లు. మూడు నెలలకు మొలవకపోవడం మీ తప్పు కాదు. నాభి గింజ మొండిది. కొన్ని నెలన్నరకు లేస్తాయి, కొన్ని అరేడాదికి, కొన్ని ఏడాది దాటాక. ఒకే కాయలో పక్కపక్కన పుట్టినవి కూడా ఒకేసారి లేవవు. పైనున్న ఎర్రటి కండ తీయకుండా వేసి ఉంటే ఇంకా ఆలస్యం. మీ దగ్గర వేయని గింజలు మిగిలి ఉంటే గ్లవ్స్ వేసుకుని, గోరువెచ్చని నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, ఇసుకతో రుద్ది ఆ కండ పోగొట్టి, అర అంగుళం లోతున వేయండి. నానబెట్టిన నీళ్ళు వంటింటి సింకులో పోయకండి, ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడకండి. మొలిచినా వెంటనే పువ్వు ఆశించకండి. మొదటి ఏడు వచ్చేది గడ్డిపోచల్లాంటి రెండు మూడు ఆకులు, కింద బఠాణీ గింజంత దుంప. పువ్వు చూసేది మూడో ఏడో నాలుగో ఏడో. మీ బాబు విషయంలో నేను అడిగిన గడువు కూడా దాదాపు అంతేనని గమనించారా? కవర్లను మేడ మీద తాళం వెనక పెట్టి, గింజల దారిలోనే పోతే పువ్వొచ్చే వేళకు పిల్లాడికి బుద్ధి వస్తుంది. నాకైతే ఇదే నచ్చింది.

దుంప కొనాలనుకుంటే మే నెలలోనే చెప్పి ఉంచండి. దుంప వేలంత లావుగా, ఎల్ ఆకారంలోనో వి ఆకారంలోనో, నాగలిలా వంగి ఉంటుంది. లాంగలి అన్న పేరు అందుకే వచ్చింది, లాంగలం అంటే నాగలే. చేతికి గట్టిగా, బరువుగా తగలాలి, యాభై గ్రాములకు తగ్గకుండా ఉంటే ఆ ఏడే పూస్తుంది. అసలు చూడాల్సింది కొస. ఈ దుంపకు బంగాళదుంపలా ఒళ్ళంతా కళ్ళుండవు. కొమ్ముకు ఒక్కటే కన్ను, అదీ చివర్లో. ఆ కొస విరిగిందా, ఎంత పెద్ద దుంపయినా మొలవదు. నా మొదటి దుంపను నేనే అలా చంపుకున్నాను. కొరియర్‌లో వచ్చిన పొట్టు సంచిని బోర్లించి దులిపాను. కొస టక్కున విరిగింది. అది తెలియక నలభై రోజులు నీళ్ళు పోశాను. రెండో ఏడు మొలక వస్తోందా లేదా అని ఆత్రంగా వేలితో తవ్వి చూసి ఇంకోటి విరగ్గొట్టాను. మూడో ఏడు గానీ నాకు ఓపిక రాలేదు.

మృగశిర కార్తెలో, తొలకరి పడ్డాక నాటండి. పన్నెండు పద్నాలుగు అంగుళాల కుండీ, అడుగున చిల్లులు బాగా ఉండాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. మార్కాపురంలో నల్లరేగడి దొరుకుతుంది కదా అని అది వేస్తే నీళ్ళు నిలిచి కుళ్ళిపోతుంది. దుంపను నిలువుగా గుచ్చకుండా అడ్డంగా పడుకోబెట్టి, మూడంగుళాల మట్టి కప్పండి. వి ఆకారంలో ఉంటే రెండు కొసలూ మొలుస్తాయి. విడదీయాలనే ముచ్చట మొదటి ఏడు వద్దు. ఒకసారి తడిపి, మొలక కనిపించేదాకా మట్టి పొడిబారకుండా మాత్రం చూస్తే చాలు. రెండు నుంచి నాలుగు వారాల్లో బల్లెంలా మొలక పైకి వస్తుంది. దాని కొసను కూడా విరగనివ్వకండి, మళ్ళీ చిగురు వేయడం అరుదు.

ఊతం విషయంలో అందరూ పొరపాటు పడతారు. లావు వెదురుకర్ర పాతి, ఎక్కడం లేదేమని బాధపడతారు. ఆకు కొస ఎంతుంటుంది, అది దేన్ని చుట్టుకోగలదు? పెన్సిల్ కంటే సన్నటి పుల్లయితేనే పట్టు దొరుకుతుంది. అడవిలో పరికి కంప ఎక్కింది అందుకే. ఎండిన రేగు కొమ్మ ఒకటి నాటండి, లేదా పురికొస తాళ్ళు కట్టండి. నాలుగైదు అడుగుల దాకా పెరుగుతుంది. పాదు చల్లగా, తల ఎండలో ఉండాలి. పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడేచోటు మేలు. అడుగున మట్టి మీద ఎండుటాకులు పరవండి. ఎరువు ఎక్కువ పోస్తే ఆకులే వస్తాయి. నెలకో గుప్పెడు వానపాముల ఎరువు చాలు. అన్నీ కుదిరితే నాటిన రెండు నెలలకు, అటూ ఇటూగా, మొదటి మొగ్గ తల వంచుతుంది. ఒక్కో పువ్వు వారం దాకా నిలుస్తుంది. కోసి దేవుడి దగ్గర పెట్టడం వద్దు. అక్కడి నుంచి ప్రసాదం పళ్ళెంలోకి, పిల్లల చేతిలోకి పోతుంది.

ఒక పొద్దున మీరు వెళ్ళేసరికి తీగ సగం మాయమై ఉండవచ్చు. నలుపు మీద తెల్ల చుక్కలు, నారింజ మచ్చలతో గొంగళిపురుగులు గుంపుగా కూర్చుని ఉంటాయి. లిల్లీ గొంగళి అంటారు, దాని శాస్త్రీయ నామంలోనే గ్లోరియోసే అని ఉంటుంది. మనుషుల్ని చంపే విషాన్ని అది ఉప్మాలా తింటుంది. మీ ఇంట్లో కేసరి లిల్లీ, అమరిల్లిస్ ఉంటే ముందు వాటి మీద కనిపిస్తుంది, అక్కడి నుంచి దీనికి వస్తుంది. మందు కొట్టక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుని ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేయండి. వానలు విడవకుండా పడితే ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కూడా వస్తాయి. ఆ ఆకులు తీసేసి కుండీని గాలి ఆడే చోటికి జరపండి.

ఆశ్వయుజం దాటాక ఆకులు పసుపెక్కి తీగ ఎండిపోతుంది. ఉత్తరాల్లో ఎక్కువమంది నన్నడిగేది ఇక్కడే, "చచ్చిపోయింది, ఏం చేయాలి" అని. చావలేదు, నిద్రపోయింది. నీళ్ళు పూర్తిగా ఆపేయండి. మన ఎండాకాలాన్ని ఈ మొక్క దాటేది భూమిలో దాక్కునే. కుండీని అలాగే మెట్ల కింద నీడలో పెట్టేస్తే అన్నిటికంటే క్షేమం. తవ్వి దాచాలంటే కొసలు జాగ్రత్తగా చూసుకుంటూ తీసి, పొడి ఇసుకలో పెట్టాలి. ఎక్కడ పెడుతున్నారన్నది ఇంకా ముఖ్యం. ఒక ఏడు నేను దుంపలను చాటలో ఆరబెట్టి పని మీద బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఇంట్లోవాళ్ళు అదే చాటలో వాటి మీద ఉల్లిపాయలు పోశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ చాటను చూసినప్పుడు నాకు పట్టిన చెమట ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి నాభి దుంపలు పెయింటు డబ్బాలో, మూత మీద ఎర్ర అక్షరాలతో "విషం" అని రాసి, అటక మీద. వాటికి వాడే కత్తెర, గ్లవ్స్ కూడా అందులోనే.

నర్సరీకి ఇప్పుడే ఫోన్ చేయకండి. ముందు మామగారితో కూర్చుని మేడ మీద తాళం సంగతి తేల్చుకోండి. కవర్లలో మట్టి మాత్రం పారబోయకండి, వాన పడ్డాక ఇంకో ఆరు నెలలు చూడండి. గడ్డిలాంటిది ఏదైనా లేస్తే పీకే ముందు ఫోటో పంపండి, నాభి మొలకో తుంగో చూసి చెబుతాను.